స్ట్రెచ్ ఫిల్మ్ రోల్ ఎందుకు ముడుచుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

చౌటుప్పల్, బీబీనగర్ వైపైనా, ఇటు జడ్చర్ల, బాలానగర్ వైపైనా స్ట్రెచ్ ఫిల్మ్ తీసే చిన్న ప్లాంట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఒకటే దృశ్యం. షెడ్డులో ఒక మూలన తిరిగొచ్చిన రోళ్ల కుప్ప ఉంటుంది. కొన్నిటికి కోర్ (ఫిల్మ్ చుట్టే అట్ట గొట్టం) నలిగి ఉంటుంది, కొన్నిటికి వెడల్పు తగ్గి ఉంటుంది. యజమాని దానా (ప్లాస్టిక్ గింజలు) బాగాలేదంటాడు. దానా అమ్మినాయన మిషన్ బాగాలేదంటాడు. చివరికి మాట పడేది వైండర్ (ఫిల్మ్‌ను రోల్‌గా చుట్టే మిషన్) దగ్గర నిలబడ్డ హెల్పర్. లైన్ల మీద చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

స్ట్రెచ్ ఫిల్మ్ అంటే ష్రింక్ ఫిల్మే కదా? మరి ముడుచుకుంటే తప్పేంటి?

రెండూ వేరు. నీళ్ల సీసాల డజను ప్యాక్ మీద బిగిసి ఉండేది ష్రింక్ ఫిల్మ్. దాన్ని వేడి టన్నెల్‌లోంచి పంపితే ముడుచుకోవాలి, దాన్ని తయారు చేసేదే అందుకు. అందులో ప్రధానంగా ఎల్‌డీపీఈ (లో డెన్సిటీ పాలిఇథిలీన్) ఉంటుంది. స్ట్రెచ్ ఫిల్మ్‌కు వేడితో పనిలేదు. లాగి చుడితే సాగి, తిరిగి వెనక్కి రావాలని చూసే ఆ బిగువుతోనే ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క చట్రం) మీది సరుకును పట్టుకుంటుంది. ఇది ఎల్‌ఎల్‌డీపీఈతో (లీనియర్ లో డెన్సిటీ పాలిఇథిలీన్) తీసే ఫిల్మ్. దీనికి చుట్టేటప్పుడు సాగడం గుణం, రోల్‌లో ఉన్నప్పుడు ముడుచుకోవడం జబ్బు.

అసలు ముడుచుకోకుండా చేయలేమా?

చేయలేం. ఎప్పుడు ముడుచుకోవాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఈ పేజీలో మిగతాదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: ముడుచుకోవాల్సింది వైండర్‌కు ముందే ముడుచుకోవాలి, కోర్ మీద కాదు.

దానా కరిగి డైలోంచి (ఫిల్మ్ బయటికి వచ్చే సన్నటి సందు ఉన్న భాగం) బయటికి వచ్చేటప్పుడు దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.76 గ్రాములు. చల్లారాక అదే దానా 0.918 దగ్గర నిలుస్తుంది. అంటే కేవలం చల్లారడంలోనే ఘనపరిమాణం ఆరో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఇందులో చాలాభాగం మందంలో సర్దుకుపోతుంది కాబట్టి కంటికి కనబడదు.

తర్వాతది స్ఫటికాల సంగతి. పాలిఇథిలీన్‌లో కొంత భాగం ఇటుకలు పేర్చినట్టు వరుసగా ఉంటుంది, మిగతాది చిక్కుపడిన దారంలా ఉంటుంది. పేర్చుకున్న భాగం సాంద్రత 1.00 దగ్గర, చిక్కు భాగం 0.855 దగ్గర ఉంటాయి. చిల్ రోల్ (లోపల చల్లటి నీళ్లు తిరిగే రోలర్) మీద ఫిల్మ్ రెప్పపాటులో గడ్డకడుతుంది. గొలుసులన్నీ పేర్చుకోవడానికి ఆ టైమ్ చాలదు. మిగిలిన పేర్పు రోల్ చుట్టాక గంటలూ రోజులూ నెమ్మదిగా సాగుతుంది, సాగినకొద్దీ ఫిల్మ్ దగ్గరికి వస్తుంది.

మూడోది మనం లాగిన లాగుడు. డై పెదవుల సందు 0.6 మిల్లీమీటర్లు, ఫిల్మ్ 20 మైక్రాన్లు అనుకుంటే కరిగిన దానాను 30 రెట్లు సాగదీస్తున్నాం. ఆ లాగుడులో కొంత గడ్డకట్టే ముందే సడలుతుంది. సడలనిది ఫిల్మ్‌లో బందీ అయి, కాస్త వేడి తగలగానే వెనక్కి వెళ్లాలని చూస్తుంది.

1200 మిల్లీమీటర్ల డై నుంచి ఫిల్మ్ చాలా తక్కువ వెడల్పుతో వస్తోంది. ఇదీ ష్రింకేజేనా?

కాదు, దీన్ని నెక్-ఇన్ అంటారు. కరిగిన ఫిల్మ్‌ను ముందుకు లాగితే పక్కల నుంచి లోపలికి వస్తుంది, అంచులు మందమవుతాయి. డైకీ చిల్ రోల్‌కీ మధ్య ఉన్న గాలి సందు తగ్గించండి. ఫిల్మ్‌ను గాలితో రోల్‌కు అదిమే ఎయిర్ నైఫ్, మధ్యలో గాలిని పీల్చేసే వ్యాక్యూమ్ బాక్స్, అంచుల్ని రోల్‌కు అదిమిపట్టే ఎడ్జ్ పిన్నింగ్ సరిగ్గా పనిచేస్తున్నాయో చూడండి. కరిగిన దానా మరీ వేడిగా, పల్చగా ఉన్నా నెక్-ఇన్ పెరుగుతుంది. అంచులు కోసేశాక వెడల్పు తగ్గితేనే అది ష్రింకేజ్.

మిషన్ మీద 500 కొలిచాం. మూడో రోజు కస్టమర్ 497 అంటున్నాడు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ నిజమే. పాలిఇథిలీన్ డిగ్రీకి సుమారు 10 వేలలో 2 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది, అంతే సంకోచిస్తుంది. మీరు కొలిచినప్పుడు రోల్ 45 డిగ్రీల మీద ఉంది, కస్టమర్ కొలిచినప్పుడు ఏసీ గోదాములో 25 డిగ్రీల మీద ఉంది అనుకుందాం. 500 మిల్లీమీటర్ల మీద 20 డిగ్రీలకు 2 మిల్లీమీటర్లు చల్లారడంలోనే పోయాయి. మిగిలిన ఒక్కటి స్ఫటికాల పేర్పులో, లాగుడు సడలడంలో పోయింది. కొన్నవాడు మోసం అనుకోవద్దు, అమ్మినవాడు బుకాయింపు అనుకోవద్దు. ఏ వేడి దగ్గర, ఎన్ని గంటల తర్వాత కొలవాలో ఆర్డర్ రాసుకునేటప్పుడే రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంకో మాట. వెడల్పు తగ్గినంత మాత్రాన తూకం తగ్గదు. కిలోల లెక్కన కొన్నవాడికి సరుకు పోలేదు. తూకం తగ్గిందంటే అది వేరే పంచాయితీ, దానికి ష్రింకేజ్ పేరు పెట్టొద్దు.

అన్నా, కోర్ నలిగి షాఫ్ట్ ఎక్కుతలేదు. కోర్ ఇచ్చినోని తప్పా?

ఒక్కోసారి అతనిదే. పది కేసుల్లో ఎక్కువ మాత్రం మన వైండర్‌వే.

ఎద్దుల బండి గిర్రకు ఇనుప పట్టా ఎలా ఎక్కిస్తారో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉండగా చెక్క గిర్రకు తొడిగి, నీళ్లు పోస్తారు. చల్లారే పట్టా దగ్గరికి వచ్చి గిర్రను ఇక వదలదు. వేడి ఫిల్మ్‌ను కోర్ మీద చుట్టడం అలాంటిదే. తేడా ఏంటంటే గిర్రకు ఒక్క పట్టా, మన కోర్ మీద వేల పొరలు.

లెక్క చూడండి. 23 మైక్రాన్ల ఫిల్మ్ 1500 మీటర్లు చుట్టిన మిషన్ రోల్‌లో దాదాపు 3000 పొరలు ఉంటాయి. 20 డిగ్రీలు చల్లారితే ఆ 1500 మీటర్లు 6 మీటర్లు తగ్గాలని చూస్తాయి. రోల్‌లో చుట్టుకుని ఉన్న ఫిల్మ్ తగ్గడానికి ఎక్కడికీ పోలేదు, కాబట్టి ప్రతి పొరా కింది పొరను నొక్కుతుంది. ఆ నొక్కుడంతా పేరుకుని లోపలున్న అట్ట కోర్ మీద పడుతుంది. దానిమీద మళ్లీ వైండర్ టెన్షన్ ఒకటి.

ముందు ఫిల్మ్ చల్లగా వైండర్ చేరేలా చూడండి. మొదటి చిల్ రోల్ తర్వాత రెండో చల్లటి రోల్ ఉంటే సగం సమస్య తీరుతుంది. టెన్షన్‌ను రోల్ పెరిగేకొద్దీ తగ్గించండి, దీన్నే టేపర్ టెన్షన్ అంటారు. మొదటి పొరలు స్థిరంగా, పై పొరలు కొంచెం మెత్తగా ఉండాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే టెన్షన్ పెట్టి, రోల్ రాయిలా గట్టిగా ఉంటే మంచి రోల్ అనుకునే ఆపరేటర్లు మన దగ్గర చాలామంది. నిజానికి స్ట్రెచ్ ఫిల్మ్ రోల్‌లో పొరల మధ్య కొద్దిగా గాలి చిక్కుకోవడం మంచిదే. తర్వాత ఫిల్మ్ దగ్గరికి వచ్చినప్పుడు ఆ గాలి నెమ్మదిగా బయటికి పోయి చోటిస్తుంది. అందుకే లే-ఆన్ రోల్‌ను (వైండర్ మీద పొరల్ని అదిమే చిన్న రోలర్) చుట్టుకుంటున్న రోల్‌కు ఆనించి గట్టిగా అదమకుండా, చిన్న సందు వదిలి చుట్టే పద్ధతి కూడా ఉంది. గాలి మరీ ఎక్కువైతే మాత్రం పొరలు జారి రోల్ పక్కకు పొడుచుకొస్తుంది. ఎంత చాలన్నది మీ లైన్ మీద మీరే కనుక్కోవాలి.

కోర్ వైపు కూడా చూడండి. వానకాలంలో అట్ట కోర్లు చెమ్మ పీల్చుకుని మెత్తబడతాయి. నేల మీద పెట్టకండి, గోడకు ఆనించకండి. చెమ్మ పట్టిన కోర్ తర్వాత ఎండినప్పుడు అదీ కొద్దిగా కుంచించుకుంటుంది.

చేతితో చుట్టే ప్రీస్ట్రెచ్ రోళ్లలో కోర్ ఇంకా ఎక్కువ నలుగుతోంది.

అది సహజం. ముందే సాగదీసిన ఫిల్మ్ అది, వెనక్కి రావాలన్న ఆత్రం దానికి ఎక్కువ. సాగదీసే రోలర్ల తర్వాత, వైండర్‌కు ముందు, ఫిల్మ్ కొంచెం సడలడానికి అవకాశం ఇవ్వాలి. అంటే వైండర్ వేగం చివరి సాగదీత రోలర్ వేగం కన్నా కొద్దిగా తక్కువ ఉండాలి. రెండిటినీ సమానం చేసి నడిపితే కోర్ నలగక మానదు.

పగటి షిఫ్టు రోళ్లే తిరిగొస్తున్నాయి, రాత్రివి రావట్లేదు. ఆపరేటర్ తేడానా?

ఒక ప్లాంటులో సరిగ్గా ఇదే జరిగింది. ఎండకాలం. పగటి షిఫ్టు హెల్పర్‌కు పనిరాదని తేల్చేసి అతని జీతంలో కోత పెట్టారు. నేను వెళ్లి చూసింది ఒక్కటే: రెండు షిఫ్టుల్లో చుట్టిన రోల్ పై పొర వేడి. రాత్రి రోల్ కన్నా మధ్యాహ్నం రోల్ చాలా వేడిగా ఉంది. లైన్ వేగం ఒకటే, టెన్షన్ ఒకటే, దానా ఒకటే. మారింది ఎండ.

మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. రేకుల షెడ్డు లోపల, ఎక్స్‌ట్రూడర్ పక్కన ఇంకెంత ఉంటుందో నిలబడేవాడికే తెలుసు. బ్లోన్ లైన్ (కరిగిన దానాను బబుల్‌లా, అంటే బుడగలా ఊది ఫిల్మ్ తీసేది) ఎయిర్ రింగ్ ఆ గాలినే పీల్చి బబుల్ మీద ఊదుతుంది. కాస్ట్ లైన్‌లో (చిల్ రోల్ మీద పరిచి ఫిల్మ్ తీసేది) నీళ్లను చల్లబరిచే చిల్లర్ కండెన్సర్ ఆ గాలితోనే కుస్తీ పడుతుంది. ఎండకాలం పగలు లైన్ వేగం తగ్గించాలి, లేదా చల్లబరిచే శక్తి పెంచాలి. మూడో దారి లేదు. రాత్రి నిమిషానికి 150 మీటర్ల వేగంతో బాగా వచ్చిన రోల్ పగలు కూడా అలాగే రావాలని పట్టుబడితే ఫిల్మ్ వినదు.

ఆ హెల్పర్ తప్పు ఒక్కటి కూడా లేదు. చెమటోడ్చి నిలబడ్డవాడి జీతం కోసి సమస్య తీరిందనుకోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ప్రతి రోల్ మీదా తేదీ, షిఫ్టు, లైన్ వేగం, రోల్ వేడి రాసిన చీటీ అంటించండి. తిరిగొచ్చిన రోళ్ల చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో ఎవర్నీ అడగకుండానే తెలుస్తుంది.

వేడి చూడడానికి గన్ థర్మామీటర్ కొన్నాం. 30 చూపిస్తోంది, అయినా కోర్ నలుగుతోంది.

నడుస్తున్న పల్చటి ఫిల్మ్ మీదికి గన్ పెడితే అది ఫిల్మ్‌ను దాటి వెనకున్న వస్తువు వేడిని చదువుతుంది. మెరిసే క్రోమ్ రోల్ మీద పెట్టినా తప్పే చూపిస్తుంది. చుట్టిన రోల్ మీద పెట్టండి, అక్కడ వేల పొరలు ఉన్నాయి కాబట్టి అంకె నమ్మొచ్చు. చిల్ రోల్‌కైతే ఆనించి చూసే థర్మామీటర్ వాడండి, లేదా లైన్ ఆపినప్పుడు రోల్ మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

చిల్లర్ డిస్‌ప్లే మీద నీళ్లు 18 డిగ్రీలే చూపిస్తున్నాయి. అయినా ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ముడుచుకుంటోంది.

మన జిల్లాల్లో అందరికన్నా ముందు అనుమానించాల్సింది నీళ్లనే.

నల్లగొండ బోరు నీళ్ల గురించి దేశమంతా విన్నది ఫ్లోరైడ్ కథ. మనుషుల ఎముకలకు ఫ్లోరైడ్ చేసిన హాని చిన్నది కాదు. మిషన్‌కు మాత్రం శత్రువు ఫ్లోరైడ్ కాదు, అవే నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం, అంటే నీటి కఠినత్వం. పాలమూరు వైపు కూడా చాలా బోర్లలో ఇదే పరిస్థితి. మన ఇళ్లలో నీళ్లు కాచే గిన్నెల అడుగున తెల్లటి పొర పట్టడం అందరం చూసిందే. అదే పొర చిల్ రోల్ లోపలి దారుల్లోనూ పడుతుంది. అక్కడ ఎవరికీ కనబడదు.

చిల్ రోల్ బయటికి ఒకే గొట్టంలా కనబడినా మంచి రోల్ లోపల నీళ్లు తిరిగే మెలికల దారులు ఉంటాయి. పొర ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడితే రోల్ మీద ఒక వైపు వేడిగా, ఒక వైపు చల్లగా అవుతుంది. వేడిగా ఉన్న వైపు ఫిల్మ్ నెమ్మదిగా గడ్డకట్టి అక్కడే ఎక్కువ స్ఫటికాలు కడుతుంది, అక్కడే సర్దుకుంటుంది. చల్లటి వైపు ఫిల్మ్ అరకొరగా పేర్చుకుని రోల్‌లోకి వెళ్లి, తర్వాత ముడుచుకుంటుంది. ఒకే ఫిల్మ్‌లో రెండు పక్కలు రెండు రకాలు. విప్పేటప్పుడు ఒక పక్క జోలెలా వేలాడుతుంది.

చిల్లర్ మీది అంకె నీళ్లు బయల్దేరిన చోటిది మాత్రమే. రోల్‌లోకి వెళ్లే నీళ్ల వేడి, బయటికి వచ్చే నీళ్ల వేడి రెండూ కొలవండి. తేడా 2 డిగ్రీలు మించితే నీళ్లు చాలినంత తిరగట్లేదు. తేడా లేకుండానే ఫిల్మ్ వేడిగా వస్తుంటే పొర అడ్డుపడి ఫిల్మ్ వేడి నీళ్లకు చేరట్లేదు. ఆనించే థర్మామీటర్‌తో రోల్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఐదారు చోట్ల చూస్తే మొత్తం బయటపడుతుంది.

చిల్లర్ సర్క్యూట్ మూసి ఉన్న సర్క్యూట్, అందులో నీళ్లు ఎక్కువ ఖర్చు కావు. దాన్ని బోరు నీళ్లతో నింపడం ఏ లెక్కనా పొదుపు కాదు. మెత్తబరచిన నీళ్లతోనో ఆర్వో నీళ్లతోనో నింపి, తుప్పు పట్టకుండా మందు కలపండి. మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్‌కు నీళ్లు మెత్తబరచకుండా పెట్టరు, పెడితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. మన ప్లాంట్లలో ఆ జాగ్రత్త ఇంకా రాలేదు. ఇప్పటికే పొర పట్టి ఉంటే తెలిసినవాళ్లతో ఆసిడ్ కడుగుడు చేయించండి. ఏ ఆసిడ్ పడితే అది పోస్తే రోల్ లోహమే తినేస్తుంది.

వానకాలంలో చిల్లర్‌ను 12 డిగ్రీలకు దింపితే ఇంకా మంచిది కదా?

వద్దు. వానకాలం గాలిలో తేమ ఎక్కువ, 22, 23 డిగ్రీల కింద ఏ వస్తువు ఉన్నా చెమట పడుతుంది. చిల్ రోల్ మీద చెమట చుక్కలు ఫిల్మ్ మీద మచ్చలు వేస్తాయి, ఫిల్మ్ జారుతుంది. పైగా మరీ చల్లటి రోల్ మీద ఫిల్మ్ నిగనిగలాడుతూ వస్తుంది గానీ స్ఫటికాలు తక్కువ కట్టి తర్వాతి ముడుపు (ముడుచుకోవడం) పెరుగుతుంది. కాస్ట్ లైన్‌కు 20 నుంచి 30 డిగ్రీల మధ్య, ఫిల్మ్ రోల్‌కు అంటుకోనంత వరకు, కొంచెం పైవైపే నేను మొగ్గుతాను.

ఫిల్మ్ ఊగకుండా ఉండడానికి ఎల్‌డీపీఈ కలుపుతున్నాం. దానివల్ల ముడుచుకోవడం పెరుగుతుందా?

పెరుగుతుంది. ఎల్‌ఎల్‌డీపీఈ గొలుసులకు పొట్టి కొమ్మలుంటాయి, లాగి వదిలితే త్వరగా సడలుతాయి. ఎల్‌డీపీఈ గొలుసులకు పొడుగు కొమ్మలు, అవి ఒకదానిలో ఒకటి తుమ్మకంపలా చిక్కుకుని లాగుడును గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుణం వల్లే అది ష్రింక్ ఫిల్మ్‌కు పనికొస్తుంది. ఆ గుణమే మనకు పనికిరాదు. ఎల్‌డీపీఈ కలిపితే బబుల్ నిలకడగా ఉంటుంది, నెక్-ఇన్ తగ్గుతుంది, నిజమే. బదులుగా పొడుగు దిశలో ముడుపు పెరుగుతుంది, సాగుడు తగ్గుతుంది, ప్యాలెట్ మూల తగలగానే నిట్టనిలువునా చిరుగుతుంది. కాస్ట్ లైన్ మీద ఫిల్మ్ ఊగుతుంటే ముందు గాలి సందు, కరిగిన దానా వేడి సరిచేయండి. అందుకు ఎల్‌డీపీఈ కలపడం తలనొప్పికి కాలికి కట్టు కట్టడం లాంటిది.

రీప్రాసెస్ దానా?

మీ లైన్‌లోనే కోసిన అంచుల్ని అప్పటికప్పుడు తిరిగి వేసుకోవచ్చు, అది మీకు తెలిసిన సరుకు. బజారులో కొన్న రీప్రాసెస్ దానాలో పాల ప్యాకెట్లు, ష్రింక్ కవర్లు, క్యారీ బ్యాగులు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఈ బస్తాలో ఎల్‌డీపీఈ ఒకలా, రేపటి బస్తాలో మరోలా. ముడుపు ఎక్కువైనా ఫర్వాలేదు, ఎంతో తెలిస్తే సర్దుకోవచ్చు. రోజుకోలా ఉంటే ఏం చేయగలం?

క్యాల్షియం ఫిల్లర్ కలిపితే ముడుచుకోవడం తగ్గుతుందని ఒకాయన చెప్పాడు.

తగ్గుతుంది. ఫిల్మ్ కూడా పోతుంది. క్యాల్షియం కార్బొనేట్ సాంద్రత 2.7, కాబట్టి కిలోకు వచ్చే మీటర్లు తగ్గుతాయి. 20 మైక్రాన్ల ఫిల్మ్‌లో ఒక్కో రేణువూ సాగేటప్పుడు ఒక్కో చిరుగు మొదలయ్యే చోటు. స్ట్రెచ్ ఫిల్మ్‌లో దానికి చోటు లేదు.

ఏ దానా కొనాలి?

సాంద్రత 0.917 నుంచి 0.920 మధ్య ఉన్న ఎల్‌ఎల్‌డీపీఈ ఫిల్మ్ గ్రేడు తీసుకోండి. సాంద్రత పెరిగితే స్ఫటికాలు పెరుగుతాయి, ముడుపూ పెరుగుతుంది. కాస్ట్ లైన్‌కు మెల్ట్ ఫ్లో (కరిగిన దానా ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె) 2 నుంచి 4, బ్లోన్ లైన్‌కు 1 దగ్గర. బ్లోన్ గ్రేడును కాస్ట్ లైన్ మీద తోస్తే కరిగిన దానా చిక్కగా ఉండి లాగుడు సడలదు. బ్యూటీన్ రకం చవక, హెక్సీన్, ఆక్టీన్ రకాలు గట్టివి. ముడుపు కోసమే అయితే ఖరీదైన దానాకు పరిగెత్తక్కర్లేదు. ముందు చల్లబరచడం, చుట్టడం బాగుచేసుకోండి.

బ్లోన్ లైన్‌లో ఏం చూడాలి?

ఫ్రాస్ట్ లైన్ ఎత్తు. బబుల్ గడ్డకట్టి మసకబారే ఆ గీత మరీ కిందకు ఉంటే లాగుడు సడలకముందే గడ్డకడుతుంది, పొడుగు దిశలో ముడుపు ఎక్కువవుతుంది. మరీ పైకి ఉంటే బబుల్ ఊగుతుంది, ఫిల్మ్ వేడిగానే నిప్ రోల్ (బబుల్‌ను నొక్కి చదును చేసే రోలర్లు) చేరి పొరలు అంటుకుంటాయి. తర్వాత బ్లో-అప్ రేషియో (బబుల్ వ్యాసం డై వ్యాసానికి ఎన్ని రెట్లో) చూడండి. చిన్న బబుల్‌ను నిలువుగా గట్టిగా లాగితే ముడుపంతా నిలువులోనే ఉంటుంది. బబుల్‌ను తగినంత ఊదితే రెండు దిశలకూ పంచుకుంటుంది. అంటుకునే గుణానికి పీఐబీ (పాలిఐసోబ్యుటిలీన్ అనే జిగురు పదార్థం) వాడుతుంటే అది ఫిల్మ్ పైకి తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని మరవకండి. ఆ రెండు రోజులు రోల్ ప్లాంటులోనే ఉంటే ముడుపు కూడా అక్కడే బయటపడుతుంది. రెండూ ఒకేసారి చూసుకోవచ్చు.

రోల్ మధ్యలో గుండ్రంగా గట్టు లేస్తోంది. ముడుచుకున్న గుర్తా?

మూలం మందంలో ఉంది, ముడుపు దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ఒకచోట ఫిల్మ్ 1 మైక్రాన్ ఎక్కువ ఉంటే ఒక పొరలో ఎవరూ కనిపెట్టలేరు. 3000 పొరల్లో అది 3 మిల్లీమీటర్ల గట్టు కావాలి. ఫిల్మ్ ఆ గట్టు మీద సాగి బిగుస్తుంది, చల్లారేటప్పుడు ఇంకా బిగుస్తుంది, కోర్ కూడా ఆ చోటే ముందు నలుగుతుంది. డై బోల్టులు సరిచేయండి, డై పెదవుల్లో పేరుకున్న మాడు ఇత్తడి రేకుతో తీయండి. ఉక్కు బ్లేడు పెడితే గీత పడి జన్మంతా గీతల ఫిల్మే వస్తుంది.

వెడల్పు తగ్గుతుందని తెలుసు కాబట్టి కొంచెం ఎక్కువ పెట్టి కోస్తే సరిపోతుందా?

సరిపోతుంది, ఎంతో కొలిచి పెడితే. పది రోళ్లు తీసుకుని, కోసిన వెంటనే ఒకసారి, 48 గంటల తర్వాత నీడలో ఒకసారి కొలవండి. తగ్గినంత కలుపుకోండి. ఎండకాలం అంకె వేరు, చలికాలం అంకె వేరు. పక్క ప్లాంటు అంకె మీకు పనికిరాదు. పది రోళ్లలో ఒకటి 1 మిల్లీమీటరు, ఇంకొకటి 5 మిల్లీమీటర్లు తగ్గుతుంటే వెడల్పు కలపడం దండగ, పైన చెప్పిన నీళ్ల కథకు వెళ్లండి.

ల్యాబ్ లేకుండా ముడుపు ఎలా పరీక్షించాలి?

100 మిల్లీమీటర్ల చదరపు ముక్క కోసి, ఫిల్మ్ నడిచే దిశకు బాణం గుర్తు వేయండి. ట్రేలో టాల్కం పౌడరు చల్లి, దానిమీద ముక్క పెట్టి, వేడి ఓవెన్‌లో ఉంచి తీసి రెండు దిశల్లో కొలవండి. పౌడరు ఎందుకంటే ముక్క ట్రేకు అంటుకోకుండా స్వేచ్ఛగా కదలాలి. వేడి, టైమ్ ప్రతిసారి ఒకేలా ఉంచండి. మీ మంచి రోల్‌తో, తిరిగొచ్చిన రోల్‌తో పోల్చండి. నిలువు దిశలో అంకె పెరిగితే లాగుడు సడలలేదని అర్థం.

కాగితం మీద నిలబడే ఫలితం కావాలంటే వేడి ద్రవంలో ముంచి చూసే ఏఎస్‌టీఎం డి 2732 పరీక్ష ఉంది. హైదరాబాద్ చర్లపల్లిలో సీపెట్ ఉంది, ప్లాస్టిక్ పరీక్షలకు మనకు దగ్గరి ప్రభుత్వ సంస్థ అదే.

పొద్దున బిగించి చుట్టిన ప్యాలెట్ సాయంత్రానికి వదులైంది. ఇది కూడా ముడుచుకోవడమేనా?

పూర్తిగా వ్యతిరేకం. సాగదీసి పట్టి ఉంచిన ఫిల్మ్ నెమ్మదిగా తన బిగువును వదులుకుంటుంది, ఎండలో ఇంకా త్వరగా. మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుంది. సరుకు కూడా అదిరి కిందికి దిగుతుంది, బస్తాల్లో అయితే మరీ. మూలల దగ్గర ఎక్కువ చుట్లు వేసి, కింద ప్యాలెట్ చెక్కను కూడా కలిపి చుట్టండి.

రోళ్లను ఎక్కడ పెట్టాలి?

రేకు కింద, ఎండ పడే కిటికీ పక్కన వద్దు. ఎండలో నిలిపిన లారీ పైన వద్దు. వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి, ప్రతిసారీ రోల్ కొంచెం బిగుస్తుంది, పీఐబీ ఎక్కువగా తేలి పొరలు అతుక్కుంటాయి, అంచులు దెబ్బతింటాయి. ముందు వచ్చింది ముందు వాడండి.

తిరిగొచ్చిన రోళ్లను ఏం చేయాలి?

కోర్ మాత్రమే నలిగి ఫిల్మ్ బాగుంటే, ఒక రోజు నీడలో ఉంచాక తక్కువ టెన్షన్‌తో కొత్త కోర్ మీదికి చుట్టి చేతి రోళ్లు చేయొచ్చు. షాఫ్ట్ ఎక్కకపోతే గుంజి కోర్ చింపే ముందు, ఒక చివర నుంచి చెక్క గూటం నెమ్మదిగా దింపి కోర్‌ను తెరిపించి చూడండి, చాలావరకు తెరుచుకుంటుంది. ఒక పక్క జోలెగా వేలాడే ఫిల్మ్ మాత్రం మళ్లీ చుట్టినా బాగుపడదు, దాన్ని గ్రైండింగ్‌కే పంపాలి. పంపే ముందు చీటీ మీది తేదీ, షిఫ్టు, వేడి నోటుబుక్కులోకి ఎక్కించుకోండి.